బొట్టు పెట్టిన ప్రాసెసర్

మా చెల్లి మంచిది. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇక్కణ్నుంచి చివరిదాకా దాన్ని చూసి నేనెంత కుళ్లుకున్నానో అదే చెప్పబోతున్నాను. మంచివాళ్లని చూసి కుళ్లుకోవడం మహా కష్టం. చెడ్డవాళ్లనైతే నాలుగు తిట్టి ఊరుకోవచ్చు.

నేను శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకుంటాను. ఇల్లు అరసవల్లిలో. మా ల్యాబులో ఉన్నవన్నీ ముసలి కంప్యూటర్లు, కొత్త విండోస్ ఎక్కిస్తే నడుం విరిగి పడతాయి. అందుకని ఎప్పుడో అన్నిట్లోనూ లైనక్స్ పెట్టేశాను. పైసా ఖర్చు లేదు, వైరస్సుల గోల లేదు. మా చెల్లి డిగ్రీ అయ్యాక ఒక వేసవి అంతా నా పక్కన కూర్చుని లైనక్స్ నేర్చుకుంది. మధ్యాహ్నం పిల్లలు భోజనాలకి వెళ్లగానే ఇద్దరం తలుపు దగ్గరగా వేసి కార్ల పందెం ఆట ఆడేవాళ్లం. రోజూ నేనే గెలిచేదాన్ని. ఒకరోజు అని కాదు, రోజూ.

తర్వాత దాన్ని నెల్లిమర్ల ఇచ్చాం. మా మరిది భోగాపురం విమానాశ్రయం పనుల్లో కరెంటు వైరింగు కాంట్రాక్టు చేస్తాడు. చేతిలో నాలుగు రాళ్లు ఆడుతున్నాయి. నిరుడు మా చెల్లి తనకోసం తనే, ఒక్కో సామానూ కొనుక్కుని, ఆటలాడే కంప్యూటర్ ఒకటి కూర్చుకుంది. అందులో లైనక్సే పెట్టింది. నేను నేర్పిన లైనక్స్! ఫోటో నా ఫోనుకే పంపింది గానీ, కింద రాసింది మాత్రం మా అమ్మాయికి: "సూసినావా, పిన్ని మిషను!"

అంతే, నా కొంప మునిగింది. మా అమ్మాయి ఏడో తరగతి. రెండో శనివారం వచ్చిందంటే చాలు, నెల్లిమర్ల పంపించమని ప్రాణం తీస్తుంది. వెళ్లి ఆదివారం సాయంత్రం వచ్చి, వచ్చిన దగ్గర్నుంచీ పిన్ని భజన.

"పిన్ని మిషన్లో అయితే గుర్రం ఆటలో గడ్డి కూడా కదులుతాది అమ్మా. గాలికి."

నా ల్యాప్‌టాప్‌లో అదే ఆట తెరిస్తే గడ్డి పచ్చరంగు వేసిన అట్టముక్కలా ఉంటుంది. గుర్రం పది అడుగులేసి ఆగి ఆలోచిస్తుంది. మా అమ్మాయి ఒక్క నిమిషం చూసి మూత మూసేసింది. ఒక మాట అన్నా బాగుండేది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గానీ, అది పొరుగిల్లు కూడా కాదు కదా, నా తోడబుట్టినదాని ఇల్లు. ఆ కడుపుమంట ఎవరితో చెప్పుకోను? మా ఆయనతో చెబితే, "మీ అక్కచెల్లెళ్ల గొడవలోకి నన్ను లాగకు" అని పేపరు చాటుకి వెళ్లిపోయారు.

దసరా దగ్గరపడింది. పండగ వెళ్లగానే విజయనగరంలో సిరిమాను జాతర. సెలవులన్నీ పిన్ని ఇంట్లోనే ఉంటానని మా అమ్మాయి అప్పుడే బట్టలు విడిగా మడతపెట్టుకుంటోంది. ఆ మడతలు చూసి నిర్ణయించుకున్నాను. ఈ దసరాకి నా కూతురు నా ఇంట్లో, నా మిషను ముందు కూర్చోవాలి. "మా అమ్మ చేసింది" అనాలి. నాక్కావలసింది అంతే.

నేను ఎవరికీ చెప్పలేదు. మా అమ్మాయి చెప్పేసింది. మర్నాటికల్లా మా చెల్లి దగ్గర్నుంచి మెసేజీ: బోర్డు, ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు, ర్యాము, డిస్కు, పవర్ సప్లయి, కేబినెట్టు, చిట్టచివర వైఫై ముక్కతో సహా మొత్తం జాబితా. కింద ఇలా రాసింది (మా వైపు అక్కని అప్ప అంటాం): "నావి ఇవే అప్పా. ఒకదానికొకటి పడతాయి. సూసి సూసి కొన్నాను. నువ్వు కళ్లు మూసుకుని ఇవే కొనీ."

కళ్లు మూసుకుని! ఎవరికి? నాకు!

తక్కువ డబ్బులో ఇలాంటి మిషను కూర్చడంలో తిప్పలన్నీ ఈ పడటం దగ్గరే ఉన్నాయి. ప్రాసెసరు కూర్చునే గూడు ఒకలాగుండి ప్రాసెసరు ఇంకోలాగుంటే దండగ. కార్డు పొడుగైతే కేబినెట్టు తలుపు పడదు. పవర్ సప్లయి బక్కదైతే ఆట మధ్యలో అంతా ఆరిపోతుంది. అన్నీ కుదిరాక లైనక్స్‌కి కూడా నచ్చాలి. కార్డుల కంపెనీల్లో కొన్ని లైనక్స్‌తో చుట్టరికం కలుపుకుని పోతాయి, కొన్ని ఎంత బతిమాలినా మొహం మాడ్చుకునే ఉంటాయి. నేను కాగితం మీద గీతలు గీసుకుంటుంటే మా అమ్మ వచ్చి తొంగి చూసింది. నాన్న పోయినప్పటినుంచీ అమ్మ నా దగ్గరే ఉంటోంది.

"ఏటే అది, జాతకాలు సూసినట్టు సూస్తన్నావు?"

"అలాటిదేనే అమ్మా. పొంతన కుదరాల."

నిజానికి నేను చూస్తున్నది పొంతన కాదు, మా చెల్లి జాబితాలో తప్పు. ఒక్క తప్పు దొరికితే చాలు, ఫోన్ చేసి "ఇదేటే, ఇంత కూడా తెలీదా?" అనొచ్చు. మూడు రోజులు వెతికాను. కార్డు లైనక్స్‌తో సఖ్యంగా ఉండే కంపెనీదే. వైఫై ముక్క కూడా డ్రైవరు వెతుక్కోనక్కర్లేనిదే. కార్డు పొడుగు టైలరు టేపుతో కొలిచి మరీ రాసింది. ఒక్క తప్పూ లేదు. నా ఏడుపంతా అదే. నేను నేర్పిన పిల్ల నాకంటే జాగ్రత్తగా చేసింది.

సరే, తప్పు దొరక్కపోతే పోనీ, ఒక మెట్టు పైకెక్కుదాం అనుకున్నాను. అన్నీ దాని జాబితా ప్రకారమే కొని ప్రాసెసరు ఒక్కటి మార్చాను. అదే కంపెనీ, అదే గూడు, కాకపోతే ఒక తరం కొత్తది. మా చెల్లి దానికంటే వేగం. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు అని ఊరికే అనలేదు. కాకపోతే వాత పెట్టుకునేటప్పుడు నక్కకి మహా సంతోషంగా ఉంటుంది. నాకూ ఉంది.

బోర్డు మాత్రం మా ఊళ్లోనే ఒక కొట్లో దొరికింది. పెట్టె మీద దుమ్ము దులిపి ఇస్తూ ఆ కొట్టాయన అడిగాడు: "ఇది పాత స్టాకు మేడమ్. ఏ ప్రాసెసరు ఏస్తన్నారు?"

"నాకు తెలుసులెండి, ల్యాబులోనే పని చేస్తన్నాను" అన్నాను.

ఆయన ఇంకేదో చెప్పబోయి నా మొహం చూసి ఊరుకున్నాడు.

మహర్నవమి నాటికి అన్నీ చేరాయి. పొద్దున్నే వీధివాళ్లంతా బళ్లు కడుక్కుంటున్నారు. మా ఆయన స్కూటరు కడిగి దండ వేశారు. నేను హాల్లో దుప్పటి పరిచి, సామాన్లన్నీ దాని మీద పేర్చి, స్క్రూడ్రైవరు కోసం లోపలికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి అమ్మ గంధం గిన్నె, కుంకుమ భరిణె పట్టుకుని దుప్పటి పక్కన చతికిలబడి ఉంది. కేబినెట్టుకి బొట్టు. పవర్ సప్లయికి బొట్టు. కార్డు పెట్టెకి బొట్టు. అట్టపెట్టెలోంచి తీసి ఉంచిన ప్రాసెసరుకి, దాని మెరిసే ఇనప నెత్తి మీద, నిండుగా గంధం, దాని మీద కుంకుమ.

"అమ్మా! దాని మీదెట్టకూడదే! పేస్టు రాయాల!"

"కొత్త సామాను ఇంటికొస్తే బొట్టెట్టకుండా వాడతారేటే? ఆయుధాల పూజ ఇయ్యాల."

"ఇది కత్తీ కొడవలీ కాదే! వేడెక్కిపోతాది!"

ప్రాసెసరు నెత్తి మీద ఒక మందు రాసి, దాని మీద ఫ్యాను బిగించాలి. మధ్యలో ఏమీ ఉండకూడదు. ఆ సంగతి నెమ్మదిగా చెప్పొచ్చు. నేను చెప్పలేదు. అమ్మ చూస్తుండగానే గుడ్డ పెట్టి పరపరా తుడిచేశాను. అమ్మ భరిణె మూత పెట్టుకుని, లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

మధ్యాహ్నానికి బిగించడం అయింది. మా అమ్మాయి పక్కనే కూర్చుని చూస్తోంది. బటన్ నొక్కాను. ఫ్యానులు తిరిగాయి, దీపాలు వెలిగాయి. తెర మీద మాత్రం నలుపు. బోర్డు మూల చిన్న ఎర్రదీపం వెలుగుతూ ఉంది, ఆరదు. ర్యాము తీసి పెట్టాను. కార్డు తీసి పెట్టాను. తీగలు మార్చాను. తెర మార్చాను. ఊహూఁ. ఎన్నో ముసలి కంప్యూటర్లని ఒంటిచేత్తో లేపే మనిషిని, నా కూతురి ముందు కొత్త మిషను లేపలేక చెమటలు కక్కాను.

"బొట్టు సెరిపీసినావు. ఇంక లేస్తాదేటి?" అంది అమ్మ వంటింట్లోంచే.

"పిన్నికి ఫోన్ చెయ్యనా అమ్మా?" అంది మా అమ్మాయి.

రెండో మాటకే నాకు ఒళ్లు మండింది. "ఏం, మీ పిన్ని దేవతేటి? నోర్ముయ్!" అన్నాను. ఆ పిల్ల లేచి గదిలోకి పోయి, మడత పెట్టిన బట్టలు సంచీలో సర్దుకోవడం మొదలుపెట్టింది.

అప్పుడు బోర్డు పెట్టె తీసి చిన్నక్షరాలు చదివాను. నేను కొన్న ప్రాసెసరు ఆ బోర్డుకి పడుతుంది. కాకపోతే, బోర్డులో బయాస్ కొత్తదై ఉండాలి. బయాస్ అంటే బోర్డు నిద్ర లేవగానే చదువుకునే మొదటి పాఠం. నాది పాత స్టాకు. దాని పాఠంలో ఈ కొత్త ప్రాసెసరు పేరే లేదు. పాఠం మార్చాలంటే, బోర్డుకి తెలిసిన పాత ప్రాసెసరు ఏదైనా పెట్టి ముందు లేపాలి. కొట్టాయన చెప్పబోయింది ఇదే. ఆయనకి ఫోన్ చేస్తే, కొట్టు కట్టేశామనీ, పండగ వెళ్లాక తెమ్మనీ అన్నాడు. పండగ వెళ్లాక నా కూతురు నెల్లిమర్లలో ఉంటుంది.

ఆ పాత ప్రాసెసరు నాకు తెలిసి ఒక్కచోటే ఉంది. ఎక్కడో మీకు తెలిసిపోయే ఉంటుంది. పెరట్లోకి వెళ్లి, అరగంట నిలబడి, చివరికి నేనే ఫోన్ చేశాను.

"అదే లిస్టు కొన్నావు కదప్పా?"

"కొన్నాను."

"మొత్తం అదేనా?"

"ప్రాసెసరొకటి మార్సాను."

"ఎందుకు మార్సినావు?"

ఏం చెబుతాను? "ఆఫరొచ్చింది" అన్నాను.

నవ్వుతుందనుకున్నాను. నవ్వితే బాగుండేది, ఫోను పెట్టేసి ఏడాది మాట్లాడకుండా ఉండేదాన్ని. "ఓసి అప్పా" అని మాత్రం అంది. "రేపు నాది ఇప్పి అట్టుకొచ్చేస్తాను. గాబరా పడకు."

మర్నాడు విజయదశమి. ఇంట్లో పండగ పెట్టుకుని, పొద్దున్నే నెల్లిమర్లలో ఆటో, విజయనగరంలో బస్సు ఎక్కి పదింటికల్లా గుమ్మంలో ఉంది. చేతిసంచీలోంచి కొత్త సబ్బుపెట్టె తీసింది. అందులో స్పాంజి ముక్క, దాని మీద తన ప్రాసెసరు. నడుస్తున్న తన మిషను విప్పుకుని వచ్చింది నాకోసం. దానికి దండం పెట్టాలి న్యాయంగా. నాకు మాత్రం, మా అమ్మాయి "పిన్నీ!" అని ఎగిరి దాని మెడ పట్టుకోవడం ఒక్కటే కనబడింది. సాయం చెయ్యడంలో కూడా ఇదే గెలిచింది అనుకున్నాను.

మా చెల్లి హాల్లోకి వచ్చి కేబినెట్టు ముందు ఆగింది. దాని మీది బొట్టు వేలితో తాకీ తాకనట్టు తాకింది.

"అమ్మెట్టినాదా?"

"ఇంకెవలు? అన్నింటికీ ఎట్టీసినాది" అన్నాను విసుగ్గా. అది చెయ్యి వెనక్కి తీసుకుని సబ్బుపెట్టె తెరిచింది.

దాని ప్రాసెసరు పెట్టి బటన్ నొక్కాం. ఒక్క క్షణంలో తెర వెలిగింది. మా అమ్మాయి చప్పట్లు కొట్టింది. పెన్‌డ్రైవులోంచి కొత్త బయాస్ ఎక్కించాం. అది ఎక్కుతున్నంతసేపూ కరెంటు పోకూడదు, పోతే బోర్డు పోయినట్టే. ముగ్గురం తెర వంకే చూస్తూ కూర్చున్నాం. పోలేదు. పని అయిపోయింది.

"పిన్ని రాగానే లేసింది సూడమ్మా!" అంది మా అమ్మాయి.

ఆ మాటకి నాలో ఏదో తెగింది. ఇక దీని చెయ్యి పడకుండా మిగతాది నేనే చేసేస్తాను అని ముందుకు జరిగి, ఫ్యాను స్క్రూలు విప్పి, పట్టుకుని పైకి లాగాను. అలా లాగకూడదు. మందు జిగురులా పట్టేసి ఉంటుంది, ముందు అటూ ఇటూ మెల్లగా తిప్పి వదులు చెయ్యాలి. ప్రతి ఏడాదీ పిల్లలకి నేను చెప్పే మొదటి జాగ్రత్త అదే. ఫ్యానుతోబాటు మా చెల్లి ప్రాసెసరు కూడా గూట్లోంచి ఊడి వచ్చేసింది. అడుగున వెయ్యికి పైగా సన్నటి పిన్నులుంటాయి. ఒక మూల వరసలో ఐదో ఆరో పక్కకి వాలిపోయాయి.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెబుతాను. ఆ వంగిన పిన్నులు చూసిన మొదటి క్షణంలో నా కడుపు చల్లబడింది. పోయింది, నెల్లిమర్ల మిషను పోయింది, ఇంక గడ్డి కదలదు అనిపించింది. ఒక్క క్షణమే. కానీ అనిపించింది. తర్వాత మా చెల్లి మొహం చూశాను.

అది అప్పుడే గుమ్మంలోకి వచ్చిన అమ్మ వైపు తిరిగి నవ్వబోయింది. "నాది ఇరిగిపోనాదే అమ్మా. అవ్వదేటి మరి? నా మిషనుకి బొట్టెట్టనేదు కదా నువ్వు."

"నువ్వు పిలిసినావేటే? కొన్నాక నెల్లాళ్లకి సెప్పినావు" అంది అమ్మ.

"పిలిస్తే మాత్రం వస్తావేటి? పండగా పబ్బమా, అన్నీ అప్పింటికాడే నీకు. ఏడాదయినాది, దాని కాడికొచ్చి ఒక్కసారి సూడనేదు." నవ్వుతూనే అంటోంది, కళ్లు మాత్రం నీళ్లతో నిండిపోయాయి. చీర కొంగుతో తుడుచుకుని, "అప్ప పెట్టెలకి కూడా బొట్లే" అంది.

నేను నేల మీద ఆ ఫ్యాను పట్టుకుని అలాగే ఉండిపోయాను. అమ్మ నా దగ్గర ఉండటం నాకు బాధ్యత. మందులు, పథ్యం, సాధింపులు. అది చూసి ఎవరైనా కుళ్లుకుంటారని, అందులోనూ అన్నీ ఉన్న మా చెల్లి కుళ్లుకుంటుందని నా బుర్రకి ఏనాడూ తట్టలేదు.

"నా కొత్తది నువ్వు అట్టుకుపో" అన్నాను.

"ఒగ్గీ అప్పా, నాకేల?"

"నీ బోర్డు కొత్త బయాసేనా?"

"ఎప్పటికప్పుడు మారుస్తాను."

అవును, మారుస్తుంది. ఆ బుద్ధి నాకే లేదు. "అయితే నీ దాంట్లో ఇది పడతాది. నీది నేను బాగుచేసుకుంటాను. మాట్లాడకు" అన్నాను.

మా అమ్మాయి పెన్ పెన్సిలు తీసుకుని, లోపలి లెడ్డు తీసేసి, ఆ ఖాళీ మొనలోకి వంగిన పిన్నులు ఒక్కోటీ దూర్చి మెల్లగా నిలబెట్టాను. గంటసేపు పట్టింది. గూట్లో పెడితే కూర్చుంది. బటన్ నొక్కితే లేచింది. లైనక్స్ ఎక్కింది. సాయంత్రం నాలుగింటికి నా ఇంట్లో, నా తెర మీద గడ్డి గాలికి కదిలింది.

"అచ్చం నీ మిషనులాగే ఉంది పిన్నీ!" అంది మా అమ్మాయి. ఏం చెయ్యను, నిజంగానే అది దాని మిషనే కదా, ఒక్కో ముక్కా.

మా చెల్లి బయల్దేరుతుంటే కొత్త ప్రాసెసరు శుభ్రంగా తుడిచి సబ్బుపెట్టెలో పెట్టాను. అమ్మ భరిణె పట్టుకుని వచ్చింది. ఈసారి నన్ను చూసి ఆగింది. నేను పెట్టె మూత తెరిచి పట్టుకున్నాను. మెరిసే నెత్తి మీద గంధం, దాని మీద కుంకుమ. మా చెల్లి ఆ పెట్టె అడ్డంగా పడకుండా అరచేతిలో పట్టుకునే ఆటో ఎక్కింది. మా అమ్మాయి తన సంచీ పట్టుకుని దాని పక్కనే ఎక్కింది. పిన్నికి బిగించడంలో సాయం చెయ్యాలట. అంత అవస్థ పడి చేసిన మిషను ముందు చివరికి నేనొక్కదాన్నే మిగిలాను.

మర్నాడు పొద్దున ఫోనొచ్చింది.

"లేసినాదప్పా! గుర్రంలా పరిగెడతంది."

"పేస్టు రాసే ముందు బొట్టు తుడిసినావు కదా?"

"తుడవనేదు. దాని మీదే రాసీసినాను."

"ఓలమ్మ, పిచ్చిదానా! వేడెక్కిపోతాదే!"

"ఎక్కనీ" అంది.

ఫోను పెట్టేసి హాల్లోకి వచ్చాను. నా మిషను నడుస్తోంది. దాని లోపల బొట్టు లేదు. అమ్మ పెట్టినదాన్ని అమ్మ కళ్లముందే తుడిచేసింది నేనే. ఇన్నాళ్లూ మా చెల్లిని చూసి ఎన్నిటికో కుళ్లుకున్నాను గానీ, ఆ పొద్దున కుళ్లుకున్నంత ఎప్పుడూ కుళ్లుకోలేదు.